లెక్కల ముచ్చట: చదరంగపు గింజలు, ఒక దిద్దుబాటు

ఈ నెల ముచ్చటను తప్పు ఒప్పుకోవటంతో మొదలుపెట్టవలసి వచ్చింది. ఏమీ అనుకోకండి.

కిందటి నెల చదరంగపు గళ్ల లెక్కను గూర్చి వ్రాశాను గదా. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరవైనాలుగవ గడిదాకా పోతే మొత్తం గింజలు 18446744073709551615. మన పద్ధతిలో చదివితే 1,84,467 కోట్ల కోట్లు, ఆ పైన 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615. వెయ్యి బియ్యపు గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుంటే ఇది సుమారు 37,000 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన. అంటే లోకమంతా వండుకోవటం మానేసి రమారమి ఏడు వందల ఏళ్లు కూడబెడితేగాని ఆ బల్ల నిండదు.

ఈ సంఖ్యను మన పెద్దవాళ్లు అంకెలుగా గుర్తుపెట్టుకోలేదు, పద్యంగా గుర్తుపెట్టుకున్నారు. పావులూరి మల్లన గణితంలోనిదని చెప్పే చంపకమాల ఒకటి ఉన్నది. అందులో ఒక్క అంకె కూడా అంకెగా కనబడదు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదమంటే నాలుగు, బాణమంటే అయిదు, కొండ అంటే ఏడు, ఏనుగంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంనుంచి మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోతే ఇరవై అంకెలూ తప్పు లేకుండా వస్తాయి. మల్లన పదకొండవ శతాబ్దివాడు. మహావీరాచార్యులు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహాన్ని తెనిగించినవాడు. ఆ మహావీరాచార్యులేమో తొమ్మిదవ శతాబ్దిలో, కన్నడ దేశాన్నేలిన అమోఘవర్షుని కాలంలో ఉన్నాడు. కనుక బళ్లారి, కోలారు పాఠకులు ఈ లెక్కలో తమకు రెండు వైపులా వాటా ఉన్నదని చెప్పుకోవచ్చు.

ఇక నా తప్పు సంగతి. ఆ మహాసంఖ్యను కారణాంకాలుగా విరిచి చూపిస్తానని బయలుదేరాను. విరవటం కష్టం కాదు. ఏ వర్గంలోనుంచైనా ఒకటి తీసివేస్తే మిగిలేది రెండు ముక్కలుగా విరుగుతుందని హైస్కూలు పిల్లలకు తెలుసు. 16లోనుంచి 1 పోతే 15, అనగా 3 × 5. 256లోనుంచి 1 పోతే 255, అనగా 15 × 17. మన సంఖ్య కూడా ఒక పెద్ద వర్గానికి ఒకటి తక్కువే. అందుచేత అది 4294967295 × 4294967297 అవుతుంది. మొదటి ముక్కకూ మళ్లీ అదే గుణం ఉన్నది: 65535 × 65537. 65535ను విరిస్తే 255 × 257. 255ను విరిస్తే 15 × 17. 15ను విరిస్తే 3 × 5. గూటిలోనుంచి గూడు తీసినట్లు వస్తుంది. చివరకు తేలిన ముక్కలు 3, 5, 17, 257, 65537, 4294967297. ఇంతవరకు ఒప్పే. ఇక్కడ ఆగినా బాగుండేది. "ఈ ఆరూ ప్రధాన సంఖ్యలే, ఇక విరగవు" అని వ్రాశాను.

హోసూరునుంచి తొమ్మిదవ తరగతి చదువుతున్న అమ్మాయి ఉత్తరం వ్రాసింది. కార్డు కాదు, నాలుగు కాగితాల ఉత్తరం. సంక్రాంతి సెలవుల్లో తాతగారు పద్యం అప్పజెప్పుతూ ఉంటే విన్నదట. మన పత్రిక చూసి, ఆఖరి ముక్క నిజంగా విరగదా అని కూర్చున్నదట. యంత్రం ముట్టుకోవద్దని తాతగారి షరతు. మూడుతో మొదలుపెట్టి వరుసగా ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చేతితో భాగిస్తూ పోయింది. నూట పదిహేనవ భాగహారంలో శేషం సున్న వచ్చింది.

4294967297 = 641 × 6700417.

గుణించి చూశాను. సరిగ్గా వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది!

ఉత్తరం చివర ఆ అమ్మాయి రెండు మాటలు చేర్చింది. "మామయ్యగారూ, ఇది విరగదని మీకు ఎవరు చెప్పారు?" అన్నది మొదటిది. రెండవది, "నూట పదిహేను భాగహారాలు చేయకుండా 641ని పట్టుకొనే దారి ఏమైనా ఉన్నదా?" రెండవ ప్రశ్న తేలిక. మొదటిదే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

నాకు చెప్పింది మా నాన్నగారి నోటుబుక్కు. ఆయన ప్రాథమిక పాఠశాలలో పంతులు. 1956 నాటి పుస్తకం అది. అట్ట ఊడిపోయింది, నకలు పెన్సిలుతో వ్రాసిన అక్షరాలు ఊదారంగు తిరిగాయి. అందులో ఈ విరుపు అంతా ఉన్నది. చివరి ముక్క ఎదురుగా 'విరగదు' అని ఉన్నట్లు నాకు పదేళ్ల వయసునుంచీ జ్ఞాపకం. నాన్నగారు లెక్క తప్పు చేయటం నేను చూడలేదు. అందుచేత కిందటి నెల ముచ్చట వ్రాసేటప్పుడు ఆ పుస్తకం తీయను కూడా లేదు.

ఉత్తరం వచ్చిన మూడవనాడు పెట్టె దింపి తీశాను. ఆ పేజీలో ఎడమవైపు సన్నని అంకెల్లో వరుస ఉన్నది: 3, 5, 7, 11, 13... ప్రతిదాని ఎదుట దాని శేషం. అలా మూడు పేజీలు నడిచింది. ఆఖరున 599, దాని శేషం. కింద ఒక మాట. అది 'విరగదు' కాదండీ. 'విరగలేదు'.

విరగదంటే ఇక ఎప్పటికీ విరగదని. విరగలేదంటే చూసినంతవరకు విరగలేదని. ఆయన వ్రాసింది ఒకటి, నేను అరవై యేళ్లుగా చదువుకున్నది మరొకటి. 599 తరువాత ప్రధాన సంఖ్యలు 601, 607, 613, 617, 619, 631, 641. ఇంకొక్క ఏడు భాగహారాలు చేస్తే ఆయనకే దొరికి ఉండేది. పేజీ తిప్పితే లెక్క లేదు. ఇంటిఖర్చు ఉన్నది. మందులకు మూడు రూపాయలు, గ్లూకోజు, ఒంటెద్దు బండికి పన్నెండణాలు. మా చిన్న తమ్ముడికి టైఫాయిడు వచ్చిన నెల అది. ఆ తరువాత ఆయన ఆ లెక్కకు తిరిగి వచ్చిన జాడ పుస్తకంలో లేదు.

కాబట్టి అమ్మాయీ, ఎవరూ చెప్పలేదమ్మా. నేనే తప్పు చదివాను.

ఈ పొరపాటులో నాకంటె చాలా పెద్దవాడు ఒకడు నాకు తోడున్నాడు. ఫ్రాన్సు దేశంలో తులూజ్ నగరపు న్యాయస్థానంలో పనిచేసిన ఫెర్మా. ఉద్యోగం న్యాయశాస్త్రం, వ్యసనం లెక్కలు. 1640లో ఫ్రెనికిల్ అనే మిత్రునికి ఉత్తరం వ్రాస్తూ 3, 5, 17, 257, 65537, 4294967297, 18446744073709551617 అంటూ ఒక వరుస ఇచ్చాడు. మన పద్యంలోని సంఖ్యకు ఆఖరిది సరిగ్గా రెండు ఎక్కువ, గమనించారా? ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకమనీ, నిరూపణ మాత్రం తన దగ్గర లేదనీ అన్నాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరవదాని దగ్గర బోల్తాపడ్డాడు. తమాషా ఏమిటంటే, అలాంటి సంఖ్యల కారణాంకాలను వెతకటానికి కావలసిన ఉపాయం ఆయన చేతిలోనే ఉన్నది. దానిని ఇక్కడ జాగ్రత్తగా వాడినట్లయితే పది నిమిషాల పని.

1665లో ఫెర్మా పోయాడు. మాట మిగిలిపోయింది. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే పండితుడు సెంట్ పీటర్స్‌బర్గులో ఉన్న ఆయిలరుకు ఉత్తరం వ్రాసి, చివర తోకలాగా 'ఫెర్మా ఇలా అన్నాడు, నీకు తెలుసునా' అని తగిలించాడు. ఆయిలరుకు అప్పటికి ఇరవై రెండేళ్లు. మొదట అంతగా పట్టించుకోలేదు. తరువాత పట్టుకున్నాడు. 1732లో 641ని బయటపెట్టాడు. ఉత్తరాల చివర చేర్చే మాటలను తేలికగా తీసుకోకూడదని నాకు ఇప్పుడు రెండు సాక్ష్యాలు.

అమ్మాయి రెండవ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. 4294967297ను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానిని 64 చేత భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరు చూపించాడు. అంటే దారినపోయే ప్రతి సంఖ్యనూ ఆపి అడగనక్కరలేదు. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 అని 64 చొప్పున అంగలు వేస్తూ పోవటమే. వీటిలో 65, 129, 321, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు, తీసివేయవచ్చు. మిగిలినవి 193, 257, 449, 577, 641. అయిదవ భాగహారంలో దొంగ దొరికాడు. 1878లో లూకాస్ అనే మరొక ఫ్రెంచివాడు ఈ అంగను 128కి పెంచాడు. అప్పుడు 641కి ముందు చూడవలసింది 257 ఒక్కటే.

ఆ ఉపాయం ఎందుకు నిజమో చెప్పాలంటే ఈ పేజీ చాలదు. కాని 641 ఎందుకు భాగిస్తుందో మాత్రం భాగహారం చేయకుండానే చూపించవచ్చు. కాగితం తీసుకోండి. 641ని రెండు విధాలుగా వ్రాయవచ్చు: 640 + 1 అని, 625 + 16 అని. ఈ రెండూ చాలు.

640ని నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యలోనుంచి 1 తీసివేయండి. పైన చెప్పిన వర్గపు సూత్రం ప్రకారమే దానికి 640 + 1 ఒక కారణాంకం. అంటే అది 641 చేత నిశ్శేషంగా పోతుంది. ఇప్పుడు 640 అంటే 5 × 128. నాలుగు అయిదులు గుణిస్తే 625. నాలుగు 128లు గుణిస్తే 268435456. కనుక (625 × 268435456) − 1 అనేది 641 చేత పోతుంది. సరే. మరి 641 × 268435456 కూడా 641 చేత పోతుందని వేరే చెప్పాలా? పెద్దదానిలోనుంచి చిన్నది తీసివేయండి. 641లోనుంచి 625 పోతే 16. మిగిలేది (16 × 268435456) + 1. ఆ గుణకారం చేయండి: 4294967296. ఒకటి కలపండి. అదే మన సంఖ్య. 641 చేత పోయేదానిలోనుంచి 641 చేత పోయేదానిని తీసివేస్తే మిగిలింది కూడా పోవలసిందే గదా. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా విసుగు రాదు. మా ఆవిడ మాత్రం రెండవసారికే లేచి వెళ్లిపోయింది.

ఇదే సంఖ్యను 1812లో లండనులో జెరా కోల్‌బర్న్ అనే అమెరికా కుర్రవాడిని అడిగారు. ఎనిమిదేళ్లవాడు, గణకచక్రవర్తి అని ఊరూరా తిప్పి చూపిస్తూ ఉండేవారు. కాగితం లేకుండానే 641 × 6700417 అన్నాడట. ఎలా చెప్పావంటే వాడికే తెలియదు. హోసూరు అమ్మాయి చేసిన నూట పదిహేను భాగహారాలే నాకు ఎక్కువ నచ్చాయి.

మరి 6700417 విరుగుతుందా? ఈసారి ఎవరి పుస్తకమూ నమ్మలేదు. ఏదైనా విరిచేది ఉంటే అది 2588కి లోపల ఉండాలి. లూకాస్ అంగ ప్రకారం 2588 లోపల వచ్చే ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409, అంతే. అయిదు భాగహారాలూ నేనే చేశాను. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్న కాదు. కనుక విరగదు. ఇది 'విరగలేదు' కాదు, 'విరగదు'. దయచేసి కిందటి నెల సంచికలో ఇలా దిద్దుకోండి: చదరంగపు సంఖ్య = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఆరు కాదు, ఏడు.

ముక్కలు ఏడూ వేరువేరు కాబట్టి ఈ మహాసంఖ్యకు భాజకాలు ఎన్ని ఉంటాయో సులభంగా చెప్పవచ్చు. ప్రతి ముక్కనూ తీసుకోవటమో మానటమో, ఏడుసార్లు రెండు, మొత్తం 128. ఒక సంఖ్యను దాని భాజకాల మొత్తంతో పోల్చి వర్గం కట్టటం గ్రీకులనాటినుంచీ ఉన్న అలవాటు. 6కు తనను మినహాయించి భాజకాలు 1, 2, 3. కలిపితే మళ్లీ 6. అది పరిపూర్ణ సంఖ్య. 12కు కలిపితే 16, మిగులు. 10కి కలిపితే 8, తరుగు. మన చదరంగపు సంఖ్యకు మిగతా 127 భాజకాలనూ కలిపినా అసలులో సుమారు నూటికి డెబ్బయి వంతులే వస్తుంది. ఇంత సంపద పోగుచేసుకొని కూడా అది తరుగు జాతిలోనే చేరింది.

బల్ల మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో కూడా చూడదగ్గది. సగం బల్లకు, అనగా ముప్పైరెండు గళ్లకు, మొత్తం 4294967295. ఇది ఫెర్మా వరుసలోని మొదటి అయిదింటి లబ్ధం. పందొమ్మిదేళ్లు నిండకముందే 1796లో గౌస్ అనే జర్మన్ యువకుడు స్కేలు, వృత్తలేఖినితోనే పదిహేడు సమాన భుజాల బొమ్మను గీయవచ్చునని కనిపెట్టాడు. పనిముట్లు ఆ రెండే అయితే, బేసి సంఖ్య భుజాల సమబాహువులలో మనకు ఇంతవరకు తెలిసిన అన్నిటికన్నా పెద్దదానికి భుజాలు సరిగ్గా 4294967295. గీయమని ఎవరినీ అడగకండి.

సగానికి ఒక గడి ముందు ఆగితే, అంటే ముప్పై ఒకటవ గడి దగ్గర, మొత్తం 2147483647. ఇది ప్రధాన సంఖ్య. 1772లో నిరూపించింది మళ్లీ ఆయిలరే. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. అరవై ఒకటవ గడి దగ్గర ఆగినా ప్రధాన సంఖ్యే, 2305843009213693951. దానిని 1883లో తేల్చినవాడు పెర్వూషిన్ అనే రష్యా పల్లెటూరి పురోహితుడు. గళ్ల లెక్క ప్రధాన సంఖ్య కాకపోతే గింజల మొత్తం ఎన్నటికీ ప్రధాన సంఖ్య కాదు. అయినంతమాత్రాన అయి తీరాలనీ లేదు. పదకొండు గళ్లకు మొత్తం 2047, అది 23 × 89. బల్ల మొత్తంమీద ఆ అదృష్టం తొమ్మిది గళ్లకే పట్టింది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61.

ఫెర్మా వరుసలోని ఏడవ సంఖ్య ఏమైందని అడిగేవాళ్లుంటారు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి వృద్ధుడు, ఎనభై దాటినవాడు, దానిని 274177 × 67280421310721గా విరిచాడు. ఎనిమిదవది 1970లో విరిగింది, తొమ్మిదవది 1980లో, పదవది 1990లో. అప్పటికి పని మనుషుల చేతినుంచి యంత్రాల చేతికి పోయింది. 65537 తరువాత ఆ వరుసలో ఇంకొక ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. 'లేదు' అని వ్రాయబోయి ఆగాను.

నాన్నగారి పుస్తకంలో 599 కింద చోటున్నది. మొన్న ఆదివారంనాడు పెన్సిలు చెక్కుకొని ఆ ఏడు భాగహారాలూ వరుసలో చేర్చాను. 641 ఎదుట సున్న పెట్టాను. తమ్ముడికి ఫోను చేసి చెబితే, "నా జ్వరం వల్ల నాన్నకు ఒక లెక్క బాకీ పడిందన్నమాట" అని నవ్వాడు.

పిల్లలకు ఈ నెల లెక్క: ఇరవై మూడు గళ్లదాకా గింజల మొత్తం 83,88,607. దానిని విరవండి. ఒక కారణాంకం యాభైకి లోపలే ఉన్నది. భాగహారాలన్నీ చూపిస్తూ వ్రాసి పంపండి. చేసినంతవరకు దొరకకపోతే ఎక్కడిదాకా చేశారో అదే వ్రాయండి, వేస్తాను.